చలికాలం డీజిల్

ఆ చలికాలమంతా మా ఇంట్లో ఎవరు నోరు తెరిచినా మొదటి మాట ఒకటే: "ట్యాంకులో ఏం పోశారు?" తిన్నావా అన్న మాట లేదు, పడుకున్నావా అన్న మాట లేదు. ఒకరోజు మా అత్తయ్య, ఆవు పాలు తగ్గాయని చెప్పడానికి లోపలికొచ్చి, మామయ్యా, మా ఆయనా, నేనూ డీజిల్ గురించి కొట్టుకుంటుంటే చూసి, "దానిక్కూడా మీ వేసవి డీజిలే పట్టారేమో కనుక్కోండి" అని బకెట్టు అక్కడే పడేసి పోయింది.

లారీ వచ్చింది మొదటి మంచు పడకముందే. ఎవరో కొన్నాళ్ళు తోలి వదిలేసిన చైనా బండి. మాకు మాత్రం కొత్తదే. దానికోసం మామయ్య వయసంతా పెట్టి తోలిన పాత కమాజ్ లారీ అమ్ముడుపోయింది. కొండ మీది మందలో మంచి గుర్రాలన్నీ దాని వెనకే వెళ్ళిపోయాయి. గుర్రం పాల కోసం పక్కింటికి చెంబు పట్టుకుని పోయే గతి పట్టిందని అత్తయ్య రోజూ సణిగేది. ఇక మా ఊరు కొచ్కోర్‌లో మాకంటూ మిగిలింది ఆ లారీ ఒక్కటే. అది గని నుంచి నారిన్ పట్నానికి బొగ్గు మోసినన్నాళ్ళు మేం తింటాం. దాని ఇంజను పోతే ఇంకోటి కొనడానికి అమ్ముకునేందుకు ఏమీ లేదు.

మామయ్య పేరు నేను రాయను. కోడలి నోట మామ పేరు రాకూడదు. కలం నుంచి మాత్రం ఎందుకు రావాలి? దారిలో డ్రైవర్లందరికీ ఆయన పెద్దాయన. నారిన్ దారిలో ఉన్న డోలోన్ కనుమ మీద ఏ మలుపులో మంచు ముందు పేరుకుంటుందో ఆయన్నడిగి తెలుసుకునేవాళ్ళు. ఆగిపోయిన బళ్ళ దగ్గర దిగి బాగుచేసి పంపడమే కానీ, ఆయన బండి దారిలో ఆగగా చూసినవాళ్ళు లేరు. ఆ గొప్ప ఆయన నడకలోనే తెలిసేది.

బండి వచ్చిన రోజే గొడవ మొదలైంది. పెరట్లో ఒక పీపా ఉండేది. గోధుమ కోతలప్పుడు కోత మిషనుకి పోయగా మిగిలిన డీజిల్ అది. మామయ్య దాని మీద చెయ్యేసి, "చలికాలం సగం దీంతో గడిచిపోతుంది" అన్నాడు.

"అది వేసవి డీజిల్ నాన్నా" అన్నాడు మా ఆయన కుబాత్. "చలి పడితే అందులో మైనం కడుతుంది. ఫిల్టరు మూసుకుపోతుంది."

"కట్టనీ. ఓ డబ్బా కిరసనాయిలు కలిపితే నీళ్ళయిపోతుంది. ఇన్నేళ్ళూ నేనేం పోశాననుకున్నావ్, అత్తరా?"

"అది కమాజ్. ఏం పోసినా తాగేది. ఈ బండి డీజిల్ పంపుకి విడిగా నూనె లేదు. లోపల పారే డీజిలే దానికి నూనె. కిరసనాయిలు పొడి సరుకు. కలిపామంటే పంపు తనని తానే అరగదీసుకుంటుంది. ఆ ఇనప రజను ఇంజన్లోకి పోతుంది. అంతే, అయిపోయినట్టే."

మామయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "అది పడదు, ఇది సరిపడదు అనే కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చావ్‌రా. మా కోడలే నయం. పెట్టింది తింటుంది."

"పెట్టేదీ నేనే కదా మామయ్యా" అన్నాను తల వంచుకునే.

అందరూ నవ్వారు. డీజిల్ గురించి మా ఇంట్లో అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

కుబాత్‌కి మనిషి మాట మీద నమ్మకం తక్కువ. చలికాలం డీజిల్ అని బోర్డు పెట్టినవాడు కూడా వేసవిదే అమ్ముతాడంటాడు. అందుకని కొత్త చోట ఎక్కడ పోయించాలన్నా ముందు ఓ సీసాడు తెచ్చి నా చేతికిచ్చేవాడు. నేను దాన్ని రాత్రికి కిటికీ బయట పెట్టాలి. పొద్దున్నకి తేటగా ఉంటే మంచిది. పాలు విరిగినట్టు మబ్బు కడితే ఆ చోటికి పోకూడదు. కిటికీ గట్టు నిండా సీసాలే. మామయ్య టీ తాగుతూ వాటిని చూసి, "ఏం ఊరగాయ పెట్టావమ్మాయ్?" అని ఏడిపించేవాడు. నేను మాత్రం పొయ్యి కూడా వెలిగించకుండా ముందు ఆ సీసాల దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఆ పని నాకు పిచ్చిలా పట్టుకుంది.

చలి ముదిరే ముందు కుబాత్ బొగ్గు మీద పట్టా కడుతూ జారి కిందపడ్డాడు. కాలు విరిగింది. తుంటి దాకా కట్టు వేసి మంచం మీద పడేశారు.

బొగ్గుకి గిరాకీ ఉండేదే అప్పుడు. ఊరంతా పొయ్యిలు చల్లారబెట్టుకుని కూర్చుంటే మా లారీ పెరట్లో మంచు కప్పుకుని కూర్చుంది. మామయ్య రెండు రోజులు లారీ చుట్టూ తిరిగాడు. మూడో రోజు పొద్దున్నే తోలు బూట్లు వేసుకుని, నక్కతోలు టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మొహంలో వెలుగు చూసి నాకు భయమేసింది. కొడుకు కాలు విరిగిందన్న బాధ ఆయనకి లేదని కాదు. కానీ స్టీరింగు మళ్ళీ చేతికొస్తోందన్న సంతోషం దాన్ని తొక్కేసింది.

"తాళాలియ్యి" అన్నాడు కొడుకుతో.

కుబాత్ దిండు కిందనుంచి తాళాలు తీశాడు. ఇవ్వలేదు. "జిపార్ కూడా వస్తుంది" అన్నాడు నన్ను చూపిస్తూ.

"ఎందుకు? పట్టా కట్టడానికి నాకు చేతుల్లేవా?"

"దారిలో టీ కాచిస్తుంది."

"దారి పొడుగునా టీ కొట్లే కదరా." మామయ్య నా వైపు తిరిగాడు. "చెప్పమ్మాయ్, నువ్వొచ్చేది టీకా, కాపలాకా?"

నేనేం చెప్పను? అత్తయ్య లోపల్నుంచే అరిచింది: "తీసుకెళ్ళు ముసలాయనా! ఇంట్లో ఈ ఒక్కడి అరుపులు నేను పడతాలే. నీ అరుపులు అది పడుతుంది."

అలా నేను లారీ ఎక్కాను.

మొదటి ప్రయాణాలు ఎంత బాగా జరిగాయో చెబితే కుబాత్ నమ్మలేదు. మామయ్య గేరు మారుస్తుంటే బండి ఒంటికి తెలిసేది కాదు. ప్రతి మలుపుకీ ఒక కథ ఉండేది. ఇక్కడ ఫలానావాడు గొర్రెల లారీ బోల్తా కొట్టించాడు, ఇక్కడ ఒక పెళ్ళికూతురు కారు దిగి పారిపోయింది. కాపలాకొచ్చానన్న సంగతి మర్చిపోయి నవ్వేదాన్ని. డీజిల్ పోయించేటప్పుడు మాత్రం ఇద్దరం బిగుసుకుపోయేవాళ్ళం. కుబాత్ చెప్పిన బంకు దగ్గరే ఆపేవాడు. దిగి, నావైపు చూడకుండా, "ఖరీదైన అత్తరు పొయ్యి బాబూ, మా పెళ్ళికూతురికి" అనేవాడు. బంకు కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. బండి కదలగానే ఫోను మోగేది.

"ఏం పోయించారు?"

"మంచిదే."

"నువ్వు చూశావా?"

"చూశాను. నువ్వు కాలు కదపకు."

ఇంజను చప్పుడు వినడం కూడా నాకు అలవాటైపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు గొంతు కొంచెం మారినా గుండె గుభేల్‌మనేది. ఇంటికొచ్చి పడుకున్నా చెవిలో అదే హోరు.

అసలు సంగతి గని దగ్గర జరిగింది. అక్కడ ఇసా అని మామయ్య పాత స్నేహితుడు బొగ్గు ఎత్తే మిషన్ల మీద పెద్ద. ఇద్దరూ కుర్రతనంలో ఒకే బండిలో పడుకుని తిరిగినవాళ్ళు. ఆ రోజు లోడు నిండుతుంటే ఇసా భార్య నన్ను ఇంట్లోకి పిలిచి వేడి వేడి బోర్సోక్‌లు పెట్టింది. మా వైపు ఇంటికెవరొచ్చినా నూనెలో వేయించే పిండి ముక్కలవి. నేను తిరిగొచ్చేసరికి ఇసా మా ట్యాంకులో గొట్టం పెట్టి నిలబడి ఉన్నాడు. మామయ్య గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఎందుకయ్యా, ఎందుకయ్యా ఇంత" అంటున్నాడు. ఇసా వినడం లేదు.

"నా గుమ్మంలోకి వచ్చిన గుర్రాన్ని ఖాళీ కడుపుతో పంపుతానా?" అంటున్నాడు. "చాన్నాళ్ళకి స్టీరింగు పట్టావ్. ఇది నా కానుక."

బండి గని దాటాక మెల్లిగా అడిగాను. "మామయ్యా, అది ఏ డీజిలు?"

"ఇసా పోసిన డీజిలు."

"చలికాలందేనా అని..."

"ఇచ్చినవాడి ఎదురుగా గుర్రం పళ్ళు లెక్కపెట్టమంటావా?" ఆయన గొంతు పెరిగింది. "సీసాలో పట్టి, రాత్రంతా కిటికీలో పెట్టి, పొద్దున్న చెబుతాం ఇసా, నీ మర్యాద మంచిదో కాదో అని అనమంటావా?"

నిజం చెప్పాలంటే ఆయన స్థానంలో ఉంటే నేనూ వద్దనలేను. మా వాళ్ళలో కానుకని కాదన్నవాడు మనిషినే కాదన్నట్టు. గని మిషన్లు రోజంతా ఆపకుండా నడుస్తాయి, వాటికి వేసవి డీజిలైనా చెల్లుతుంది. ఇసాకి అందులో కల్లాకపటం లేదు. తన దగ్గర ఉన్నది పోశాడు.

ఫోను మోగింది. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"ఏంటీ? ఇసా పోశాడా?" కుబాత్ అరుపు మామయ్యకి కూడా వినపడింది. "ఆ పీపాల్లో ఉండేది వేసవిదే! ఇంటి దగ్గర ఆపమను. తోడేద్దాం. కనుమ ఎక్కొద్దని చెప్పు. ఎక్కొద్దు!"

మామయ్య చెయ్యి చాపి ఫోను లాక్కున్నాడు. "ఒరేయ్, ఎండ కాస్తోంది. మైనం లేదు, మట్టి లేదు. కాలు కదపకుండా పడుకో." కట్టేసి ఫోనుని తన జేబులో వేసుకున్నాడు.

గని నుంచి నారిన్ పోవాలంటే మా ఇంటి ముందు నుంచే పోవాలి. అక్కడ ఆగుతాడని నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. ఊళ్ళోకి వచ్చేసరికి కుబాత్ గేటు దగ్గర ఉన్నాడు. ఒక చంకలో కర్ర, ఒక చేత్తో గేటు పట్టుకుని, తెల్లటి కట్టు కాలు మంచులో పెట్టుకుని నిలబడ్డాడు. వెనక అత్తయ్య అతని చొక్కా పట్టుకుని లాగుతోంది. బండి కనపడగానే కుబాత్ కర్ర పైకెత్తి ఊపాడు. కర్ర తీసేసరికి పక్కకి ఒరిగిపోయాడు.

మామయ్య పొడుగ్గా హారన్ కొట్టాడు. ఆపలేదు.

అద్దంలో వెనక్కి చూశాను. అత్తయ్య అతన్ని పట్టుకుని లేపుతోంది. అప్పుడు నాకు మామయ్య మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. తలగుడ్డ కొస నములుతూ కూర్చున్నాను.

కనుమ కింద సారీ-బులాక్ దగ్గర టీ కొట్ల పొగ గొట్టాలు నిటారుగా పొగ వదులుతున్నాయి. ఎండ ఇంకా ఉంది. "చూశావా?" అన్నాడు మామయ్య. కనుమ ఎక్కడం మొదలుపెట్టాం. సగం ఎక్కాక ఉత్తరం గాలి తగులుకుంది. ఎండని ఎవరో ఆర్పేసినట్టయింది. మంచు దుమ్ము రోడ్డు మీద పాకడం మొదలెట్టింది. కిటికీ అంచులకి లోపలివైపు కూడా తెల్లగా పేరుకుంటోంది.

ఇంజను మొదట ఒక్కసారి దగ్గింది. మామయ్య చెయ్యి గేరు మీదే ఉంది. మళ్ళీ దగ్గింది. ఆయన నావైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. గేరు తగ్గించాడు, యాక్సిలరేటరు తొక్కాడు, బండి ముందుకు పోవాల్సింది పోయి వెనక్కి లాగింది. పైకి ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కకి తిప్పాడు. ఇంజను గునిసి గునిసి ఆగిపోయింది.

ఇక గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

చలికాలంలో ఆ కనుమ మీద ఆగిన బండిని దాటి ఎవరూ పోరు. కాసేపటికే ముగ్గురు నలుగురు డ్రైవర్లు దిగారు. ఎవరి బండో చూసి నడక ఆపేశారు. పెద్దాయన బండి ఆగిందా? బోలోత్ అనే కుర్ర డ్రైవరు, సొంత తండ్రితో మాట్లాడుతున్నంత మర్యాదగా, "బైకే, ఫిల్టరేనా?" అని అడిగాడు. మా వైపు పెద్దవాళ్ళని పిలిచే పిలుపది.

"ఫిల్టరే." మామయ్యకి తల కొట్టేసినట్టుంది. "మైనం పట్టింది. కిరసనాయిలుందా?"

"ఎందుకు లేదూ!"

ఇక చూడాలి వాళ్ళ హడావుడి. ఒకడు డబ్బా తెచ్చాడు, ఒకడు మంట చిమ్మే బ్లోలాంప్ తెచ్చి పంపు కొడుతున్నాడు. "చిటికెలో పని బైకే. ట్యాంకు కింద రెండు నిమిషాలు మంట పెడదాం, పైన డబ్బా కుమ్మరిద్దాం, నారిన్‌లో టీ తాగుదాం." అందరూ పెద్దాయనకి సాయపడుతున్నామన్న సంబరంలో ఉన్నారు. మామయ్య ట్యాంకు మూత తిప్పుతున్నాడు. కొడుకు వద్దన్నాడని ఆయన వాళ్ళతో ఎలా చెబుతాడు? ఒకప్పుడు ఆ విద్య వాళ్ళకి నేర్పింది ఆయనే.

నేను దిగి నిలబడ్డాను. మామయ్యా వద్దు అనాలి. పరాయి మగవాళ్ళ ముందు, దారి మీద ఆయనకున్న పరువంతా అప్పుడే అక్కడ మంచులో పడి ఉండగా, నీకు తెలీదు అని నేను అనాలి. ఆ మాట నా నోట రాలేదు. ఆ డబ్బా ట్యాంకు మూతి దగ్గరికి వచ్చింది. అందులోంచి ధార పడిందంటే మా గుర్రాలు, మా కమాజ్, కుబాత్ విరిగిన కాలు, అన్నీ దాంతోపాటు లోపలికి పోయినట్టే.

నా చెయ్యి తల మీదికి పోయింది. తలగుడ్డ లాగేశాను. మామయ్యకీ ట్యాంకుకీ మధ్య దూరి, ఆ మూతి మీద గుడ్డ కప్పి, చుట్టూ తిప్పి, ముడి మీద ముడి వేశాను.

మగవాళ్ళు కత్తులు దూసుకున్నా, మధ్యలో ఆడదాని తలగుడ్డ పడితే ఆగాలి మా దగ్గర. కోడలి తలగుడ్డ మీద మామ చెయ్యి పడకూడదు. పెళ్ళైన నాటి నుంచి మామయ్య నా జుట్టు చూసి ఎరగడు.

డ్రైవర్లందరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. బ్లోలాంప్ పంపు కొట్టేవాడు ఆపేశాడు.

"అమ్మాయ్" అన్నాడు మామయ్య నేల వైపు చూస్తూ. "తియ్యి."

"తియ్యను మామయ్యా."

"తలకి కట్టుకో. చెవులు ఊడిపోతాయి."

"ఊడనివ్వండి."

గాలికి నా జుట్టు విడిపోయి మొహమంతా కప్పింది. మంచు రవ్వలు నెత్తిలో దిగుతుంటే సూదులు గుచ్చినట్టుంది. ఏడుస్తున్నానని బుగ్గ మీద మంట పుట్టాక తెలిసింది. మామయ్య నన్ను నెట్టెయ్యలేడు, గుడ్డ ముట్టుకోలేడు, వాళ్ళని వెళ్ళిపొమ్మనలేడు. ఆ నిమిషంలో ఆయన ముసలివాడైపోయాడనిపించింది నాకు.

అప్పుడు తన టోపీ తీసి నా తల మీద పెట్టాడు.

మగవాడు తన టోపీ ఇంకొకరి తల మీద పెట్టడు మా వాళ్ళలో. కొడుక్కి కూడా పెట్టడు. దాని లోపలి వెచ్చదనం నా చెవుల్ని కప్పేసింది. ఆయన బోడి తల మీద మంచు పడుతోంది.

"బోలోత్, ఆ డబ్బా లోపల పెట్టుకో" అన్నాడు వెనక్కి తిరిగి. "సారీ-బులాక్ దిగి మంచి చలికాలం డీజిలు ఓ క్యాను తే. కొత్త ఫిల్టరు ఒకటి. సన్న గొట్టం రెండు బారలు."

"కలిపితే ఇప్పుడే పోతాం కదా బైకే..."

"ట్యాంకు మూసేసి ఉంది. కనపడట్లేదా?"

బోలోత్ తన బండి వైపు పరిగెత్తాడు.

అతను వచ్చేదాకా ఇంకొకరి బండిలో కూర్చున్నాం. వచ్చాక మామయ్య చేతి తొడుగులు విప్పి బండి కిందికి దూరాడు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాలు రెండూ ఊడదీసి, వాటి బదులు కొత్తవి క్యానులోకి పెట్టాడు. ఇనుముకి వేళ్ళు అంటుకుని చర్మం లేస్తున్నా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఫిల్టరు మార్చాడు. స్టార్ట్ చేశాడు. ఇంజను రెండు మూడు సార్లు మొరాయించి అందుకుంది. డ్రైవర్లు అరిచి చప్పట్లు కొట్టారు. ఆ పని అంత శుభ్రంగా కుబాత్ కూడా చెయ్యలేడు. ఆ మాట ఆయనతో అనాలనుకున్నాను. ఎలా అనాలో తెలియలేదు.

నారిన్‌లో లోడు దించాక, ట్యాంకులోది తోడించి పారబోయించాడు. నేను గుడ్డ విప్పుకున్నాను. టోపీ రెండు చేతుల్తో ఇచ్చాను. తీసుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఒక్క కథ చెప్పలేదు.

తర్వాతి రోజు ఆయన లేవలేదు. నడుం నొప్పి అన్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. నడుం నొప్పి కాదని అందరికీ తెలుసు. కనుమ మీది కథ మా కంటే ముందే ఊరు చేరింది. టీ కొట్లలో ఏం చెప్పుకుంటున్నారో అత్తయ్య సంతలో విని వచ్చింది. కోడలు మామ నోటికి గుడ్డ కట్టిందట. కోడలికి టోపీ, మామకి తలగుడ్డ అట. ఇసాకి కూడా చేరింది. తన కానుకని నారిన్ మురికి గుంటలో పారబోశారని ఆయన భోజనం దగ్గర కూర్చుని ఏడ్చాడట.

మెకానిక్కుని పిలిచి పంపు విప్పించాడు కుబాత్. లోపల మచ్చ లేదు. "నువ్వు ఇంజన్ని బతికించావ్" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేను తప్పు చేశాననిపించలేదు నాకు. ఒప్పు చేశానన్న సంతోషమూ లేదు. బతికిన ఇంజను పెరట్లో పడుంది. తోలేవాడు కిటికీ దగ్గర పడున్నాడు. బొగ్గు బళ్ళు రోడ్డు మీద పోతుంటే మామయ్య తలెత్తేవాడు. చప్పుడు బట్టి ఎవరి బండో ఆయనకి తెలుసు. తర్వాత లేచి, కాలు కాలిన పిల్లిలా పశువుల కొట్టానికీ గేటుకీ మధ్య తిరిగేవాడు. తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. కుబాత్ బతిమాలతాడేమోనని నేను చూశాను. అతను అడగలేదు. గేటు దగ్గర కర్ర ఊపింది అతను మర్చిపోలేదు. మాంసం వారానికోసారికి వచ్చింది. పొయ్యిలో బొగ్గు పోయి మళ్ళీ పిడకలొచ్చాయి. బొగ్గు మోసే ఇంట్లో పిడకలు.

ఒక మధ్యాహ్నం నేను పిడకలు తెస్తుంటే మామయ్య లారీ దగ్గర నిలబడి చక్రం మీది మంచు చేత్తో తుడుస్తున్నాడు. బూట్లు వేసుకుని ఉన్నాడు.

"ఇసా దగ్గరికి పోవాలి" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

"బొగ్గుకా మామయ్యా?"

"బొగ్గుకే. నువ్వూ రా." చక్రం తుడవడం ఆపలేదు. "ట్యాంకు దగ్గర దిగాల్సొస్తే నువ్వు దిగు. నేను దిగను."

అర్థమయ్యేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పిడకల బుట్టతోనే లోపలికి పరిగెత్తి కోటు వేసుకుని వచ్చాను. కుబాత్ మంచం మీంచి, "ఎక్కడికి?" అని అరిచాడు. అత్తయ్య అతని నోరు మూయించింది.

గని దగ్గర వరసలో చాలా బళ్ళున్నాయి. మా బండిని చూడగానే డ్రైవర్లు కిటికీ అద్దాలు దించారు. కొందరు నా తల వైపు చూస్తున్నారు, గుడ్డ ఉందా, టోపీ ఉందా అని. లోడు నిండింది. ఇసా తన గది నుంచి బయటికొచ్చాడు. మాతో మాట్లాడతాడో లేదో అనుకున్నాను. ఆయన తిన్నగా పీపాల దగ్గరికి వెళ్ళి, గొట్టం ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ మనిషి మనసు అంతే. మళ్ళీ ఒకసారి ఇచ్చి చూద్దామనుకున్నాడు.

"దిగు" అన్నాడు మామయ్యతో. "మూత తియ్యి. నీ గుర్రానికి తాగించనీ."

అందరూ వింటున్నారు. మామయ్య అద్దం పూర్తిగా దించాడు. స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

"ఇసా, ఈ బండి తోలడం వరకే నేను" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. "ట్యాంకులో ఏం పోయాలో మా కోడలికి తెలుసు. నాకు తెలీదు. ఆమెనడుగు."

ఎవరో వెనక బండిలో నవ్వబోయి ఆగిపోయారు. నేను దిగాను. ఇసా గొట్టం పట్టుకుని నావైపు తిరిగాడు. ముసలి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏమ్మా, నా డీజిల్ వద్దా?"

"డీజిల్ వద్దు బైకే" అన్నాను. "మీ ఇంట్లో కూర్చుని టీ తాగుతాను. మామయ్య కూడా తాగుతారు. పొద్దుగూకేదాకా కూర్చుంటాం."

ఇసా మా మామయ్య వైపు చూశాడు. మామయ్య ముందు అద్దంలోంచి తిన్నగా చూస్తున్నాడు, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఇసా గొట్టాన్ని మెల్లిగా మంచులో పడేసి, చేతులు కోటుకి తుడుచుకున్నాడు.

"టీలో ఉప్పు వేసుకుంటావా?" అని అడిగాడు నన్ను, మా వైపు ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు.